ఎనకోడు ముందే ఎత్తాడు

మిర్చి యార్డులో తెల్లారుజామున
లారీ మీంచి టిక్కీ నేలన పడ్డ చప్పుడు
ఫోనులో పట్టుకొచ్చాను.
నలభై అయిదు కేజీల ఎర్రటి ధబ్.

బ్రాడీపేటలో, జిరాక్సు షాపు పైన,
గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించిన గదిలో
రాత్రి పదకొండింటికి దాన్ని తెర మీద పరిచాను.
ముందొక ముల్లు, వెనక పొట్ట,
ఆ వెనక సన్నబడుతూ తోక.
ఎండుచేపని అడ్డంగా పడుకోబెట్టినట్టు.

ఒక్క దెబ్బ చాలు నాకు ఈ రాత్రికి.
పాట సంగతి రేపు చూసుకోవచ్చు.

టిక్కీకి పొట్ట ఉంది గానీ వేళ్ళు లేవు.
అందుకని కింద ఒక పొర వేశాను.
యాభై హెర్ట్జుల ఉత్త గుండ్రటి స్వరం.
చెవికి అందదు. మూడు వంతెనల మీద గూడ్సు వెళ్తుంటే
కింద స్కూటరు ఆపుకున్నవాడి
మోకాళ్ళకి తెలిసేది, అది.

పైన ఇంకో పొర.
ఎండుమిరపకాయ ముచ్చిక తుంచిన టిక్.
కోల్డ్ స్టోరేజీ అరుగు మీద రోజంతా
మా అమ్మ వేళ్ళలో పుట్టిన చప్పుడే.
మైకు ముందు నేను తుంచితే రాలేదు.
ఆవిడే వచ్చి తుంచి, చేతులు కడుక్కుని పోయింది.

మూడూ కలిపి నొక్కాను.
ఏమీ లేదు.
తడిగుడ్డ గోడకేసి కొట్టినట్టు.
విడిగా ఒక్కొక్కడూ పహిల్వాను,
కలిస్తే ముగ్గురూ జ్వరం పడి లేచినవాళ్ళు.
శబ్దం పెంచాను. తెర మీద ఎర్రదీపం వెలిగింది,
కింద షట్టరు వణికింది,
దెబ్బ మాత్రం తగల్లేదు.

ఏసురత్నం మామ ఇరవై రెండేళ్ళు యార్డులో మోశాడు.
నడుం పట్టేశాక ఎదురు ఏటీఎం దగ్గర కాపలా.
నీళ్ళసీసా నింపుకోడానికి పైకొస్తే
టోపీ మీదే హెడ్‌ఫోన్లు పెట్టాను.
మొదటి పొరకి నవ్వాడు.
“ఇది మా చప్పుడే గదరా.”

మూడూ కలిపి వినిపించాను.
కళ్ళు మూసుకున్నాడు.
కుడి భుజం దానంతటదే కాస్త వంగింది.

“కాదబ్బాయ్. ఎనకోడు ముందే ఎత్తాడు.”

“ఏంటి మామా?”

“టిక్కీకి ఇద్దరం చెయ్యేస్తామా,
ఒకడు లేపతా ఉంటే ఇంకోడు దించితే
బలం యాడికి పోద్ది? మజ్జెలోనే చస్తది.”

గీతని పెద్దది చేసి చూశాను.
టిక్కీ అల లేస్తున్న చోటే
యాభై హెర్ట్జులు దిగుతోంది.
గట్టూ గుంటా ఒకదాన్నొకటి పూడ్చుకుని
చదునైన నేల.
ఇంత బలాన్నీ పక్కపక్కన పేర్చి
నేనే చంపుకున్నాను, గంటన్నర నుంచీ.

కింది స్వరాన్ని వెనక్కి జరిపాను.
తొమ్మిది మిల్లీసెకన్లు.
రెప్ప మూయడం మొదలైనా కాదు అంతలో.
నొక్కాను.

మామ చేతిలో సీసా నీళ్ళు వలయాలు తిరిగాయి.

ఇంకొకటి మిగిలింది.
టిక్కీ తోకలో ఎవరిదో దగ్గు,
మిరప ఘాటుకి పట్టిన పొడిదగ్గు.
యార్డులో దగ్గు లేని క్షణం కోసం
మూడు రోజులు తిరిగాను, దొరకలేదు.
కత్తిరించేశాను. దెబ్బ శుభ్రంగానే ఉంది,
కానీ తాళం వేసిన గోడౌనులో పడ్డట్టుంది.
తిరిగి పెట్టాను, బాగా కిందికి,
వినీ వినపడనట్టు.

“ఎవరిదో పోల్చగలవా?”
మూడుసార్లు విన్నాడు.
“తెలవదు. అందరం అట్టానే దగ్గుతాం,”
అంటూ తనూ దగ్గి, గోడ పట్టుకుని మెట్లు దిగాడు.

ఇప్పుడు రెండున్నర.
నిమిషానికి నూట ఇరవై నాలుగు టిక్కీలు
పడుతున్నాయి నా గదిలో.
ఒక్కటీ ఎవరూ మోయక్కర్లేదు.

టిక్కీకి ఎంతిచ్చేవాళ్ళో
మామని అడగనే లేదు.