మైత్రీవనం, మూడో అంతస్తు

కరెంటు పోయొచ్చింది.
నలభై రెండు శాతం కాడ ఆగిన గీత
మల్ల మొదటికి.

పాస్‌వర్డ్ కొట్టు, కనపడదు గానీ పడ్తది,
అన్నడు పక్క కుర్చీల ఫసీహ్.
కొట్టిన.
పన్నెండక్షరాలు నల్లటి తెరలకు పోయినయ్,
ఒక్క చుక్క లేదు.

ఇది ఎక్కాలంటే అది కావాల్నంట,
అది ఎక్కాలంటే ఇంకో పదిహేడు.
ఆదాయం కాయితానికి రేషన్ కార్డు,
రేషన్ కార్డుకు ఆదాయం కాయితం అంటే
మీసేవ మెట్ల మీద కూసున్న దినం
యాదికొచ్చింది.
ఇదే నయం.
ఏమేం కావాల్నో ఒక్కపాలే చెప్పింది,
రేపు రమ్మనలే.

కింద చాయ్ హోటల్ షట్టర్
సగం దిగిన చప్పుడు.

ఆఖరికి అడిగింది:
ఎక్కియ్యాల్నా, వద్దా?

నన్ను అట్ల అడిగినోళ్లు తక్కువ.
వై మీద వేలు పెట్టి
జరసేపు
ఒత్తకుంట ఉన్న.