రెండు గంటలకోసారి

గుర్రం తన్నిన చోట పెద్ద మచ్చేమీ లేదు.
బొడ్డుకి పైన, కాస్త ఎడమగా,
నెలవంకలా లేత ఎరుపు,
తెల్లారితే అదీ ఉండదనిపించేంత.

పదకొండేళ్ళ ఎర్మెక్.
సోన్‌కుల్ సరస్సు ఒడ్డున, వేసవి గుడారాల దగ్గర,
పాలు పితికేటప్పుడు గుర్రప్పిల్లను పట్టుకోబోయాడట.
పాత జీపులో, కనుమ దాటి,
అవ్వ ఒడిలో తలపెట్టుకుని నారిన్ ఆసుపత్రికి వచ్చాడు.
"కడుపులో చల్ల కదలకుండా పట్టుకొచ్చాను" అంది సాలికా అవ్వ.
"దారిలో ఒక్కసారే కక్కాడు" అని కూడా అంది,
ఆ తప్పేదో తనదైనట్టు.

పొట్ట మెత్తగా ఉంది. నాడి తొంభై ఆరు.
ఎక్స్‌రేలో డయాఫ్రం కింద గాలి జాడ లేదు.
స్కానింగ్‌లో కాలేయం బాగుంది, ప్లీహం బాగుంది,
అడుగున మాత్రం కాస్త నీరు, నాలుగు చెంచాలుంటుందేమో.
ఎక్కడిదని అడిగితే తెర ఏమీ చెప్పలేదు.
మా సీటీ యంత్రం మే నెల నుంచి
దుప్పటి కప్పుకుని పడుకునే ఉంది.
బిష్కెక్‌కి పంపుదామంటే
దారిలో వాన, చీకటి, విరిగిపడిన కొండచరియ.

"నొప్పికి సూది వేసి పడుకోబెడదామా?"
అన్నాడు అజిమ్, మా చిన్న డాక్టరు.
చదువుకున్నవాడు. రెండు రాత్రులుగా నిద్ర లేనివాడు.

"వెయ్యి. వాడు పడుకోనీ.
మనం పడుకోవద్దు."

నెత్తురు కారే అవయవం కనబడలేదు.
మరి ఆ నీరు ఎవరిది?
తొమ్మిదేళ్ళ కిందట ఒక లారీ డ్రైవరు
స్టీరింగు పొట్టలో గుచ్చుకుని, నవ్వుతూ వచ్చాడు.
మెత్తగా ఉందని ఇంటికి పంపేశాను.
మూడో రోజు చెక్కలా బిగిసిన పొట్టతో తెచ్చారు.
వాళ్ళ ఊరి మీదుగా నేనిప్పటికీ వెళ్ళను.
కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది.
అజిమ్‌కి ఇదంతా చెప్పలేదు.
రెండు గంటలకోసారి చూడాలన్నాను,
చూసేది ఇదే చెయ్యి కావాలన్నాను.

టీ గ్లాసు మీద వేళ్ళు వెచ్చబెట్టుకుని
పదింటికి చూశాను. మెత్తన.
పన్నెండింటికీ మెత్తనే, కాకపోతే
నా వేళ్ళు తాకకముందే ఊపిరి బిగబట్టాడు.
ఆ తర్వాత కుర్చీలోనే కునుకు పట్టింది.
నర్సు గుల్‌సున్ భుజం తట్టి లేపింది:
నాడి నూట ఇరవై.
గుర్రం పేరేమిటిరా అని అడిగితే
మొహం గోడవైపు తిప్పుకున్నాడు.
అరచేయి ఆనించాను.
పొట్ట నా చేతిని లోపలికి రానివ్వలేదు.

తెల్లవారకముందే కోత పెట్టాం.
జానెడు జానెడు చొప్పున పేగంతా,
ముందూ వెనకా తిప్పుకుంటూ,
అనుమానం వస్తే మళ్ళీ మొదటికొచ్చి.
వెన్నెముకకీ గిట్టకీ మధ్య నలిగిన చోట,
చిన్నపేగు మొదలయ్యే మెడ దగ్గర,
నా చిటికెన వేలి గోరంత చిల్లు.
పసరు పచ్చగా ఊరుతోంది.
"ఇంతేనా!" అన్నాడు అజిమ్.
ఇంతే.

నలిగిన అంచులు తీసేసి అడ్డంగా కుట్టాను,
దారి ఇరుకు కాకుండా.
మిగతా పేగంతా గులాబీ రంగులో,
ఏమీ ఎరగనట్టు మెల్లగా పాకుతోంది.
గోరువెచ్చటి సెలైన్ ఎనిమిది సీసాలు.
గుడ్డలు లెక్కపెట్టింది గుల్‌సున్. రెండుసార్లు.

తర్వాత పేగు అలిగింది.
నాలుగు రోజులు ముక్కులో గొట్టం,
స్టెతస్కోపు పెడితే నిశ్శబ్దం.
అవ్వ తస్‌బీ తిప్పుతూ
నా మొహంలోకి చూడ్డం మానేసింది.

ఐదోనాటి పొద్దున పిల్లాడు పిత్తాడు.
సాలికా వరండాలోకి పరిగెత్తుకొచ్చి
ఆ మాట గట్టిగా, అందరికీ వినబడేలా చెప్పింది.
బెంచీ మీద ఎవరో ముసలాయన
తెల్ల టోపీ సర్దుకుని గంభీరంగా తలూపాడు.

మర్నాడు కొడుకు చేత సీసా తెప్పించింది:
పులిసిన గుర్రప్పాలు, ఆ గుర్రానివే.
"ఇంకా కాదు, ఇవాళ్టికి చెంచాతో నీళ్ళే" అన్నాను.
వాదించలేదు. మూత బిగించి
కిటికీలో పెట్టింది.
రోడ్డు మీద లారీ పోయినప్పుడల్లా
సీసాలో తెల్లగా కదులుతోంది.