లాభం, రెండు, మూడు

దామలచెరువు మండీలో
గాలివానకు రాలిన కాయల్ని
దేసమ్మ ఎంచుతా ఉంది:
లాభం, రెండు, మూడు...
ఒకటి అనదు. అంటే కాయ నిలవదంట.

పొద్దు వాలేసరికి పదివేల ఏడు.

పుంజీలు పెడితే మూడు మిగిలాయి.
డజన్లు కడితే పదకొండు.
తోట ముగ్గురి పొత్తు; పంచితే
రెండు కాయలు ఎవరి వాటాకీ పోక
తట్టలో దొర్లాయి.
ఏడుతో, పదమూడుతో, తొంభై ఏడుతో
చిట్టా వెనకట్ట మీద భాగించి చూశాను.
వంద దాటి వెతకబల్లేదని
డిగ్రీ తప్పినోడికి ఆ ఒక్కటీ గుర్తుంది.
ఎట్లా పరిచినా
కడ వరసలో ఖాళీ.
తనకూ లాభానికీ తప్ప
ఎవరికీ లొంగని సంఖ్య.

"ఒక కాయ తీసేస్తే?" చెంగల్రాయులు అడిగాడు.
సగానికి చీలింది గానీ
ఆ సగం మళ్లీ మొండికేసింది.
"పోనీ, రెండు కలిపితే?"
అదీ దీని కవలే.

ఒక్కటంటే ఒక్కటి కలిస్తే మాత్రం
ఎనిమిది వందల ముప్పైనాలుగు డజన్లు,
ఒక్క కాయా మిగలదు.

దేసమ్మ చెయ్యి
నడుం దగ్గర కొంగు ముడి మీదికి పోయింది.
అక్కడ బేనిషా అంత ఉబ్బు.

నేను తలెత్తలేదు.
పదివేల ఏడు అని రాసి
కింద గీత గీశాను.
తడి కాగితం మీద ఇంకు
కొంచెం పాకింది.