నాలుగో సీసా

సంచిల రెండు జతల ఇనుప పుల్లలు,
కరెంటు డబ్బా, రెండు గాజు గ్లాసులు,
అంగీ జేబుల పెన్నులాంటి మీటరు.
మర్రిగూడ దిక్కు కంకర రోడ్డు మీద
బండి ఎగిరినప్పుడల్లా సామాను గలగలమంటది,
అమ్మకం నేర్చిన నా నాలుక లెక్క.

ఈదమ్మ అంగన్‌వాడీల వంట చేస్తది.
మనుమరాలికి పాలపండ్లు ఊడి
కొత్తవి మొలుస్తున్నయట.
"నా అప్పుడు అడగ తెల్వకపాయె,
ఇప్పుడు అడుగుతున్న. ఏ మిషను మంచిది?"
నవ్వితే ముందు పండ్ల మీద
చాయ్ గంజు అడుగున పేరిన గార.

రోజూ చేసేదే చేసిన.
ఒక గ్లాసుల ఆమె బోరునీళ్లు,
ఒక గ్లాసుల నేను తెచ్చిన మిషను నీళ్లు,
పుల్లలు ముంచి స్విచ్చి నొక్కిన.
బోరునీళ్లు చింతపండు పులుసయినయి,
పైన నురగ, కింద మడ్డి.
నావి తేటగ, ఏమీ ఎరగనట్టు.
ఈడికి వచ్చేసరికి ఎవరైనా
నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటరు.
ఈడనే నేను వాయిదాల కాగితం తీస్త.

ఈదమ్మ కొంగు ముట్టలే.
లోపలికి పోయి ఉప్పు డబ్బా తెచ్చింది.
"నీ తేట నీళ్లల్ల చిటికెడు ఏస్తున్న.
మళ్ల నొక్కు బిడ్డా."
నొక్కిన.
అవి గూడ పులుసే.
"విషం నా ఉప్పుల ఉన్నదా,
నీ పుల్లల తుప్పున్నదా?"

పదమూడేండ్ల సంది తిరుగుతున్న ఈ ఊర్లు.
ఒక్కరూ ఉప్పు డబ్బా తేలే.

పరువు నిలుపుకుందామని మీటరు ముంచిన.
"తొమ్మిదొందల నలభై," అన్న.
"అండ్ల ఫ్లోరైడు ఎంత?"
మీటరుకు తెల్వదు.
ఉప్పునూ సున్నాన్నీ అన్నింటినీ
ఒక్క మూట కట్టి తూకమేస్తది,
ఎవరి పాలు ఎంతో చెప్పదు.
నాకు తెలుసు ఆ సంగతి.
ఎవరూ అడగలే, నేను చెప్పలే.

ఇగ ఒక్కొక్కటే అడిగింది.
క్యాండిల్ ఫిల్టరు?
మట్టినాపుతదమ్మా, దీన్ని ఆపదు.
కాగబెడితే?
పురుగు చస్తది, ఇది చావది,
నీళ్లు ఇగిరిన కొద్దీ చిక్కబడతది.
పటిక, సున్నం కలిపి తేర్చుడు,
మన జిల్లా పేరే పెట్టిన్రు కద దానికి?
మంచిదే. కొలత తప్పొద్దు,
తెల్లారి లేస్తే బకెటు ముందు కావలి కూసోవాలె.
అల్యూమినా గుండ్ల ఫిల్టరు?
అదీ మంచిదే. గుండ్లు నిండినంక మాత్రం
పట్టకుండ ఒట్టిగనే కార్తయి నీళ్లు.
"నిండినయని ఎట్ల తెలుస్తది?"
"చూస్తే తెల్వదు. పరీక్ష చేయించాలె."
"అంటే సచ్చిపోయినా సప్పుడు చెయ్యదు."

నా మిషను సంగతి నేనే చెప్పిన.
మెంబ్రేను బాగున్నన్ని దినాలు ఆపుతది.
ఒక బిందె ఇచ్చి రెండు బిందెలు పారబోస్తది.
"పారబోసినవి ఏడికి పోతయి?"
వంటింటి గోడ అవుతలికి చూసినం ఇద్దరం.
ఆడ ఆమె వంకాయ మడి,
అప్పుడే పూతకొచ్చింది.

మరి నల్లా నీళ్లు?
రోజు విడిచి రోజు వస్తయి.
ట్యాంకుల బోరు కలపకుంటే
వీటన్నిటి కన్నా అవే నయం కావొచ్చు.
కావొచ్చు అన్న మాటకు
ఆమె నా మొఖం దిక్కు చానాసేపు చూసింది.

మూడు ప్లాస్టిక్ సీసాలు కడిగి తెచ్చింది.
బోరుకు ఎర్ర దారం, నల్లాకు తెల్ల దారం,
ప్లాంటు డబ్బా నీళ్లకు పచ్చది.
చేతుల యాభై రూపాయలు పెట్టింది, పెట్రోలుకని.
"నల్లగొండ ల్యాబుల ఇయ్యి.
కాగితం వచ్చినంక మిషను మాట."
అమ్మకం కాలే. అయినా
పైసలు వద్దనబుద్ధి కాలే.

పొద్దుమీకి ఇల్లు చేరిన.
మా శ్రావ్య బడి సంచి దించకుండనే
నీలి డబ్బా వంచుకొని గటగట తాగుతున్నది.
ఆ డబ్బా ఏ ప్లాంటుదో తెలుసు నాకు,
దాని ఓనరు తెలుసు, ఆయన బాకీ తెలుసు.
నీళ్ల సంగతి తెల్వదు.

ఇంకో సీసా కడిగిన.
దారం కోసం ఇల్లంత ఎతికిన, దొరకలే.
ఇనుప పుల్లలకు చుట్టిన రబ్బరు ఊడదీసి
దాని మెడకు ఏసిన.