రెండు గీతల మెట్టు

పిట్స్‌బర్గ్‌లో, నదికి వీపు పెట్టి కూర్చున్న
సెయింట్ లియోబా ఆసుపత్రి నేలమాళిగ.
ఎక్స్‌రే గదుల గోడల్లో సీసం.
అక్కడికి దిగిన ఏ ఫోనైనా
మూగనోము పట్టాల్సిందే.

నా పని పెద్దదేం కాదు,
పై అంతస్తు నుంచి కిందికి ఒక కేబుల్ గీయడం.
ఒకే తొడుగులో రెండు కాపురాలు:
వెంట్రుకంత గాజు, పక్కనే జంట రాగి.
గాజు మాట మోస్తుంది. దూరమంటే దానికి ఆయాసం లేదు,
మూల దగ్గర ఇరుగ్గా తిప్పామో
అలిగి వెలుగంతా దారిలోనే ఒలకబోస్తుంది.
రాగి కూడు మోస్తుంది.
సీలింగు పలక వెనక ఒదిగిన రేడియోకి
దగ్గర్లో ప్లగ్గు లేదు మరి,
కరెంటు కూడా క్యారియర్ కట్టి పంపాలి.

కాగితం మీద రెండువందల ఎనభై అడుగులు.
నలభై ఎనిమిది వోల్టులు బయల్దేరితే
నలభై మూడు చేరతాయి. నలభై రెండు చాలు దానికి.
మిగిలిన ఆ ఒక్క వోల్టునీ తలగడ చేసుకుని
హాయిగా నిద్రపోయాను.

బుధవారం స్టాన్ హ్రివ్నాక్ ఫోను.
ముప్ఫయ్యొక్కేళ్లుగా తీగలు లాగుతున్న మనిషి.
"నీ బొమ్మలో లేని గోడొకటి ఉందిక్కడ.
పాత ఇటుక. ఒకప్పటి బొగ్గు గదేమో.
చుట్టు తిరిగి రావాలి."

చుట్టు తిరిగితే మూడువందల అరవై ఏడు.
అడుగడుక్కీ సుంకం కట్టుకుంటూ
చేరింది నలభై ఒకటి.
రేడియో కన్ను తెరవదు.
పైగా దానిదొక పాడు గుణం:
అందింది తగ్గినకొద్దీ ఇంకా లాగుతుంది,
లాగినకొద్దీ దారిలో ఇంకా పోతుంది,
అప్పు తీర్చడానికి అప్పు చేసే సంసారంలా.

లావు రాగి వేద్దామంటే గొట్టంలో చోటు లేదు.
పైనుంచి ఎక్కువ తోద్దామంటే
ఈ తరగతి తీగకి నియమం గీసిన గీటుంది.

నేనే దిగి వెళ్లాను.
స్టాన్ ఏమీ మాట్లాడలేదు. కారిడార్ చివర
గోడ రంగులో కలిసిపోయిన చిన్న తలుపు అంచులు
కత్తితో గీకి తెరిచాడు.
మాసిన దుప్పట్లు కిందికి జారవిడిచే పాత గొట్టం.
ఇంకా కాస్త గంజి వాసన.
టార్చి వేస్తే పైదాకా నిట్టనిలువుగా
ఒక్క వంకర లేని చీకటి.

రెండువందల యాభై మూడు.
"ఇంకో పది అడుగులు చుట్ట చుట్టి పైన వదిలెయ్" అన్నాడు.
"ఎందుకు?"
"తర్వాత వచ్చేవాడికి."
పదేళ్లుగా గీస్తున్నాను,
తర్వాత వచ్చేవాడికంటూ నేనెప్పుడూ
ఒక్క అడుగూ గీయలేదు.

అంతస్తు అంతస్తుకీ నిప్పు దాటకుండా ఎర్ర ముద్ద కూరి
శుక్రవారం సాయంత్రం స్విచ్చి వేశాం.
పచ్చటి చుక్క వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగి
నిలబడింది.
నేలమాళిగ అంతా నాలుగు గీతలు.
స్టాన్ తన ఫోనులో ఐస్ హాకీ స్కోరు చూసుకుని
"ఓడిపోతున్నారు" అన్నాడు, తృప్తిగా.

ఊడ్చే వెర్లీన్ మాత్రం మెట్ల దగ్గరే ఉంది.
ఏడో మెట్టు. ఇన్నాళ్లూ కింద ఉన్నవాళ్లకి
రెండు గీతలు దొరికే చోటు అదొక్కటే.
రిపోర్టు చేతిలో పట్టుకున్నవాళ్లంతా
అక్కడికే వచ్చి ఇంటికి ఫోన్ చేసేవాళ్లు,
ముక్కూమొహం తెలియనివాళ్లు పక్కపక్కన ఇరుక్కుని,
ఒకరి ఏడుపు ఒకరికి వినిపిస్తూ.
కిటికీ గట్టు మీద ఆవిడ ఎప్పుడూ
టిష్యూల డబ్బా ఒకటి ఉంచేది.

ఇవాళ దాన్ని తీసి బండిలో పెట్టుకుంది.
మళ్లీ ఏమనుకుందో
తీసి అక్కడే పెట్టింది.

తుది బొమ్మలో గోడ గీశాను, గొట్టం గీశాను,
పది అడుగుల చుట్ట కూడా గీశాను.
మెట్ల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.
మా గుర్తుల పట్టికలో
దానికి గుర్తు లేదు.