బూడిద డబ్బా

క్లినిక్‌లో పనిచేసే వసిలీసా,
మొన్నమొన్నటిదాకా నా ఒళ్ళో ఉచ్చ పోసిన పిల్ల,
కలం పట్టుకుని అడుగుతోంది:
"ఎప్పుడు మొదలుపెట్టావు, అత్తా?"
గడి చిన్నది.
పళ్ళకంటే ముందు అని రాయడానికి చోటు చాలదు.

దంతం పొడుచుకొస్తూ మూడు రాత్రులు
ఇంటిల్లిపాదికీ కునుకు లేకుండా చేశానట.
అమ్మ తను నములుతున్న ఇక్మిక్‌లోంచి
చేప కన్నంత తుంచి
నా చిగురుకి రాసింది.
ఊరుకున్నానట.
ఆ మాట చెప్పినప్పుడల్లా నవ్వేది అమ్మ,
అప్పుడు తనకీ నిద్రపట్టిందని.

ఆగస్టు ఆఖర్న
కుస్కోక్విమ్‌కి ఎదురు పడవ నడుపుతాం.
మా ఊళ్ళో చెట్లుండవు, గడ్డీ గాలీ తప్ప.
రెండు రోజులు పోతే బిర్చిలు.
బోదెకి ముసలి మోకాలిచిప్పలా కరుచుకున్న
నల్ల పుట్టగొడుగుని గొడ్డలి మడమతో కొట్టి రాలుస్తాం.
కాఫీ డబ్బాలో కాలుస్తాం.
మంట లేవకూడదు, కాపలా ఉండాలి.
ఈవన్ నాకు మనసిచ్చింది అలాంటి కాపలాలోనే,
ఇద్దరి ముక్కులూ మసి.

ఆకు దుకాణంలో కొన్నది, ఎవరి పొలందో.
బూడిద మాది.
కొన్నదాన్ని కాస్త అనుమానించాం గానీ
కాల్చుకున్నదాన్ని ఎవరు అనుమానిస్తారు?
"అత్తా, పొగాకుకి తలుపు తీసేది ఆ బూడిదే,"
అంది వసిలీసా, తలెత్తకుండా.

మానలేదా అంటే, మానాను.
పెద్ద ఉపవాసంలో పదకొండు రోజులు.
పన్నెండో రోజు మంచు కింద వల చిక్కుపడింది,
వేళ్ళు కొయ్యబారాయి,
ఈవన్ మాట్లాడకుండా తన డబ్బా చాచాడు.
ఇంకోసారి డబ్బానే నదిలోకి విసిరాను.
వాల్రస్ దంతపు మూత, తాత చెక్కింది.
మర్నాడు బేకింగ్ సోడా డబ్బా కడిగి ఆరబెట్టుకున్నాను.
పోయింది తాత చెక్కిన మూత ఒక్కటే.

ఫెడోస్యా కడుపులో ఉన్నప్పుడు
సిగరెట్ మానేశాను, బిడ్డకి పొగ తగలకూడదని.
ఎంత మంచిదాన్నో అనుకుని
రెండింతలు నమిలాను.
నాలుగు వారాలు ముందే వచ్చింది పిల్ల,
అరచేతిలో పట్టేంత.
ఇది వసిలీసా అడగలేదు. నేనూ చెప్పలేదు.

చివరి ఏడు అమ్మకి పళ్ళన్నీ ఊడిపోయాయి.
నేను నమిలి ఇచ్చేదాన్ని.
నోరు తెరిచి ఎదురుచూసేది,
కళ్ళు మూసుకుని.
ఆకలిగా ఉన్నప్పుడు కూడా
అంత నమ్మకంగా నోరు తెరవలేదెప్పుడూ.
ఎలా మానను, చెప్పు, ఆ ఏడు?

మాలో పోయినవాళ్ళ పేరు పుట్టినవాళ్ళకి పెడతాం.
పేరుతోపాటు వరసా వస్తుంది.
ఫెడోస్యా కూతురికి అమ్మ పేరు, ఒలింకా.
ఎనిమిది నెలల దాన్ని
నేను అమ్మా అనే పిలుస్తాను.

మొన్న దానికి దంతం పొడుచుకొచ్చింది.
మూడో రాత్రి ఫెడోస్యా
తలుపు దగ్గర నిలబడి, గొంతు తగ్గించి,
"కొంచెం... చేప కన్నంత?" అంది.
నా బుగ్గన ఉండ ఉంది. వెచ్చగా ఉంది.
అమ్మ నోరు తెరిచి ఏడుస్తోంది,
లోపల ఒక్కటే తెల్లటి చుక్క.

నేను ఉమ్మలేదు.
ఇవ్వనూ లేదు.
ఎండు సాల్మన్ చర్మం ముక్క చల్లబెట్టి చేతికిచ్చాను.
విసిరికొట్టింది.
తెల్లవార్లూ గదంతా తిరిగాం,
అది ఏడుస్తూ, నేను నములుతూ,
ఎవరు ఎవరికి అమ్మో తెలియక.
తెల్లారుతుంటే నా భుజం మీద చొంగ కారుస్తూ పడుకుంది.

రేవులో ఈవన్ ఇంజిన్ తిప్పుతున్నాడు.
ఎగువకి వస్తావా అని కేక.
బెర్రీలకైతే వస్తానన్నాను.
సరే అన్నాడు.
గొడ్డలి అప్పటికే పడవలో ఉంది.