రేకుబోర్డు

గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద, మీటర్‌గేజ్ రోజుల్లో
సీసాల మెడల మీద ఓపెనర్‌తో గీరుకుంటూ పోయేవాళ్ళు.
టకటకటకటక...
ఆ చప్పుడుకే నాకు దప్పికయ్యేది.
నాయన ఒక్కనాడూ కొనిచ్చిన పాపాన పోలేదు.
మూతలు మాత్రం నావి.
పట్టాల పక్క కంకర్లో ఏరి
లోపలి బెండు గోరుతో గీకి వాసన చూస్తే
ఇంకా నారింజపండు ఉండేది.

ఇప్పుడు మోటార్లు చుట్టే నా షాపు వెనక గదిలో
ఇరవైనాలుగు గళ్ళ చెక్కపెట్టెలు పదకొండు.
మైనం పూసిన కాగితం గొట్టాలు ఒక కట్ట.
కంపెనీలు చచ్చిపోయిన సీసాలు,
ఒకటి మూత తియ్యనిది,
అడుగున మడ్డి పేరుకుని.
దుమ్ము తుడిచేదీ మస్తానమ్మే,
తిట్టేదీ మస్తానమ్మే.

తొలకరి పడితే
జనం సద్ది కట్టుకుని వజ్రకరూరు చేలల్లో దిగుతారు,
వజ్రాలకు.
నేనూ అదే బస్సెక్కుతా, రేకులకు.

అట్లా కనపడింది సుంకమ్మవ్వ మేకల కొట్టం.
కప్పు మీద ఒక మూలకు, బోర్లా,
అంచున పిసరంత నారింజ రంగు.
నిచ్చెనేసుకుని తలకాయ దూర్చి చూస్తే
కేసరి ఆరెంజ్!
రిబ్బన్ జడల పిల్ల, చేతిలో సీసా,
కింద 'చల్లగా తాగండి'లో 'చ' తుప్పు తినేసింది.

"అమ్ముతావా అవ్వా?"
"అమ్మితే ఆ సందులో వాన పడదా?
నా మేకలకు నువ్వు గొడుగు పడతావా?"

మర్నాడు కొత్త రేకుతో పోయినా.
మేకులు నేనే కొట్టినా.
అవ్వ కింద కూచుని వక్క నమిలి నమిలి
చెప్పింది, నేను అడగనే లేదు.

"మా ఆయనది గోలీసోడా.
ఇసుర్రాయి లెక్క మిషన్ తిప్పి తిప్పి
కుడిబుజం దిగిపాయ.
జీపులో వచ్చిరి.
ఈ బోర్డు ఇస్తిరి, ఐసుపెట్టె ఇస్తిరి,
అంగట్లో గోలీ కనపడకూడదనిరి.
ఏలిముద్ర ఏసినాడు మారాజు.
రెండు ఎండాకాలాలు.
మూడోదానికి జీపూ లేదు, సీసా లేదు.
ఐసుపెట్టెలో కోళ్ళు పొదిగినాయి.
ఒకనాడు తాగొచ్చి
తన సీసాలన్నీ చేన్లో పోసి పగలగొట్టినాడు.
ఆ పొద్దు నుంచి
వాన పడితే సాలు, మా చేన్లో వంగిన నడుములే!
'దొరికిందప్పో!' అని ఒకడు కేకేస్తాడు,
పదిమంది ఉరుకుతారు.
చూస్తే ఏముంటాది, మా ఆయన గోలీ."

నవ్విందో దగ్గిందో తెలియలేదు.

"ఆ రంగునీళ్ళు నువ్వు తాగినావా అవ్వా?"
"యాపారం సరుకు. ఇంట్లోవాళ్ళు తాగుతారా?"

సంచిలో నా కోసం కొన్న ప్లాస్టిక్ సీసా ఉండె.
మూత తిప్పి ఇచ్చినా.
ఒక్క గుక్క.
పుక్కిలించినట్టు నోట్లో తిప్పి
నా కల్ల జూసి,
"ఇదా?
దీనికా?"
అనింది.
మిగిలింది మేకపిల్లకు పట్టింది. అదీ తాగలేదు.

డబ్బులు తీసుకోలేదు.
రేకుకు రేకు సరిపాయ పో, అనింది.

బోర్డు నా గోడకెక్కింది.
పిల్ల నవ్వుతానే ఉంది, మూతి పక్కన మేకు బెజ్జంతో.
హైదరాబాదు నుంచి ఒకాయన కారేసుకొచ్చి
అడిగిన ధరకు
మస్తానమ్మ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు.

ఈ ఏడు మృగశిర కార్తెకు
నేను రేకుల కోసం పోలేదు.
అవ్వ చేన్లో, అందరి లెక్కనే,
తల వంచి, చాలు వెంబడి చాలు.
మధ్యాహ్నానికి ఎర్రమట్టిలో ఒక మెరుపు.
పక్క చాలు ముసలాయన, బళ్ళారి మనిషి,
"ఏమన్నా దొరికిందా?" అన్నాడు.
పిడికిలి విప్పినా.
ఎండకు పట్టి చూసినాడు.
పంచెకు తుడిచి, నాలిక మీద పెట్టుకున్నాడు.
చాలాసేపు.
"ప్చ్, గాజు" అని నా అరచేతిలో పెట్టి,
"సల్లగ మాత్రం ఉండాది" అని
వంగుకుంటూ ముందుకు పోయినాడు.